అత్తయ్య ఓటు

పాలు పొంగుతున్నాయని తెలిసి కూడా కోడలు గుమ్మం దగ్గర్నుంచి కదల్లేకపోయింది. ఎదురింట్లో కొత్తగా దిగిన అమ్మాయి ముఖం వేలాడేసుకుని నిలబడి ఉంది.

"ఇల్లు మారాం కదక్కా, మా ఓటు పోయినట్టేనా?"

"పోవడానికి అదేమన్నా గొడుగా! పాతచోట తీయించి ఇక్కడ రాయించాం కదా. రేపు మన వీధి బడికే రండి."

కోడలిది గ్రంథాలయంలో ఉద్యోగం. నెల రోజులుగా సాయంత్రాలు ఇంటింటికీ తిరిగి, మంచం దిగలేనివాళ్ళు ఇంటి దగ్గరే ఓటెయ్యవచ్చనీ, చూపు లేనివాళ్ళు తమకు నచ్చిన మనిషిని తోడు తీసుకెళ్ళవచ్చనీ విసుగు లేకుండా చెబుతోంది. వీధంతా మెచ్చుకుంటుంటే ఆమెకూ లోలోపల గర్వంగానే ఉంది.

పొయ్యి కట్టేసి వచ్చేసరికి మావయ్య తన చొక్కాకు ఇస్త్రీ చేసుకుంటూ అత్తయ్యతో అంటున్నాడు.

"రేపు పెందలాడే వెళ్దామే. ఎప్పట్లాగే నీదీ నాదీ నేనే వేసేస్తాను."

అత్తయ్యకు చూపు పోయిన దగ్గర్నుంచీ అదే వరస. కోడలే ఉండబట్టలేకపోయింది.

"అత్తయ్యను అడిగారా మావయ్యా?"

"అడిగేదేముంది? ఇన్నేళ్ళ కాపురంలో దాని మనసు నాకు తెలీదా?"

"తెలిస్తే మాత్రం? ఆ ఓటు ఆవిడది. తోడు ఎవరు రావాలో ఆవిడ చెప్పాలి."

మావయ్య ఇస్త్రీపెట్టె నిలబెట్టేశాడు. "ఊరందరికీ నేర్పి నేర్పి ఇప్పుడు నాకూ మొదలెట్టావా? మొగుడూ పెళ్ళాల మధ్య రూల్సేమిటమ్మా?"

"కోపం దేనికి? నాతో వస్తానంటే నేను తీసుకెళ్తాను. ఆవిడ ఎవరికి చెబితే వాళ్ళకే వేస్తాను."

"అంటే నేను మోసం చేశానంటావా?"

"మీ ఇద్దరూ కాసేపు నోరు మూస్తారా!" అంది అత్తయ్య. "నాకెవరూ వద్దు. నేనొక్కదాన్నే వేసుకుంటాను."

ఇద్దరూ తెల్లబోయారు.

"మొన్న ఎవరికో ఫోన్లో చెప్పావు కదమ్మా, ఓటు కాగితం మీద పెట్టుకోడానికి ఒక్కో అభ్యర్థికి ఒక్కో చిల్లున్న అట్ట ఇస్తారనీ, పక్కన అంకెలు వేలికి తగిలేలా ఉంటాయనీ. ఇంట్లో ఉన్న నాకెందుకు చెప్పలేదు? పొద్దంతా టైలరు షాపులో కూర్చుని కాజాలు కుట్టిన దాన్ని. చిల్లు తడిమి గుర్తెయ్యలేనా?"

కోడలికి తల కొట్టేసినట్టయింది. అంతమంది తలుపులు తట్టింది కానీ పక్కగదిలోని మనిషిని అడగలేదు. తను తీసుకెళ్తే సరిపోతుందనుకుంది. మావయ్యను తప్పుపట్టడమే తప్ప తను చేసిందేమిటి?

"తప్పయిపోయింది అత్తయ్యా," అంది, కళ్ళు తుడుచుకుంటూ.

మావయ్య మాత్రం ఇంకా గింజుకుంటూనే ఉన్నాడు. "నా చెయ్యి అంత బరువైపోయిందా నీకు?"

"మీ చెయ్యి లేకపోతే నేను వీధి దాటలేను. బడి గుమ్మం దాకా పట్టుకోండి. లోపల మాత్రం వదిలేయండి," అంది ఆమె మెత్తగా.

మర్నాడు బడి వరండాలో బల్ల మీద మావా కోడళ్ళిద్దరూ పరీక్షకు పిల్లను పంపిన తల్లిదండ్రుల్లా కూర్చున్నారు. లోపల తెర వెనక అత్తయ్య ఒక్కతే ఉంది. ఎంతకీ రాదే! క్యూలో ఎవరో విసుక్కుంటే మావయ్య గయ్యిమన్నాడు. "ఉండవయ్యా! ఆలోచించుకోనీ!"

ఆ మాట విని కోడలు ఆయనవైపు చూసింది. ఆయన చూపు తిప్పేసుకున్నాడు.

చివరికి అత్తయ్య గోడ తడుముకుంటూ బయటికొచ్చింది. ముఖం వెలిగిపోతోంది. మావయ్య ఒక్క అంగలో వెళ్ళి చెయ్యి అందించాడు.

"ఎవరికి వేశావే?"

"చెప్పను."

"నాక్కూడానా?"

"మీకైతే అసలే చెప్పను!" అని పగలబడి నవ్విందామె. అంత హాయిగా ఆమె నవ్వి ఎన్నాళ్ళయిందో. ఆయనకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"పోనీలే, చెప్పకు. ఇన్నాళ్ళూ ఎవరికి వెయ్యాలని నేనూ నిన్ను అడగలేదు కదా," అన్నాడు.