ఆపరేషన్ నీలిచుక్క

సైంటిస్టు నరేంద్రబాబును కావలి రైల్వేస్టేషన్ ప్లాట్‌ఫారం మీద పట్టపగలు కాల్చి చంపారు. ఆయన తయారుచేసిన చిప్ మాయమైంది.

"మగవాడిలో సంతానలోపాన్ని పట్టే నానో చిప్" అన్నాడు చీఫ్ జయకుమార్. "మైక్రోస్కోపు వీర్యకణాలను లెక్కపెడుతుంది గానీ వాటి లోపలి దెబ్బను చూడలేదు. ఇది చూస్తుంది. వీర్యం ఒక్క చుక్క వేస్తే చాలు, లోపముంటే ఎర్రటి చిప్ నీలమవుతుంది. ఉన్నది ఒక్కటే. చుక్క దాటి నిండా తడిస్తే ఇక దేనికీ పనికిరాదు. వాకాడు దగ్గర డాక్టర్ రోజారమణి ఉచిత క్యాంపు నడుపుతోంది. మన ఏజెంటే, మీ ముఖాలు ఎరగదు, కానీ ఫారిన్ ముఠాకు అమ్ముడుపోయింది. చిప్ ఆమె దగ్గరే ఉంది. సాయంత్రం కృష్ణపట్నంలో ఓడెక్కించేస్తుంది. పిల్లల్లేని జంటగా వెళ్లండి."

దానికి వేషమెందుకు, అనుకుంది ఏజెంట్ వెన్నెల. తొమ్మిదేళ్లుగా హార్మోన్ టెస్టులు, స్కానింగులు, గర్భనాళాల్లోకి మందెక్కించి తీసే ఎక్స్‌రేలు, పొట్టకు చిల్లులు పెట్టి చూడడాలు, అన్నీ ఆమెకే. పక్కన కూర్చున్న భర్త, తోటి ఏజెంటు సుశీల్ కుమార్, ఒక్క పరీక్షకూ ఒప్పుకోలేదు. "మా వంశంలో ఆ లోపం లేదు" అనేవాడు. అత్త ఆదిశేషమ్మ అవునవునని తలూపేది. అడిగి అడిగి వెన్నెల విసిగిపోయింది.

క్యాంపులో శాంపిల్ అడగ్గానే అదే సుశీల్ డబ్బా అందుకుని వెళ్లి, బుద్ధిగా ఇచ్చి వచ్చాడు. దేశం కోసమట!

సెంటు ఘుమఘుమలతో వచ్చిన రోజారమణి తీయగా నవ్వి, వెన్నెలను ఒక్కదాన్నే ల్యాబ్‌లోకి పిలిచింది. గడియ పెట్టి పిస్టల్ తీసింది.

"దొరికిపోయినావమ్మా. ఈ రేవుల్లో ఏ మగోడైనా అడగంగానే శాంపిల్ ఇచ్చినాడా? పెళ్లాన్ని లోపలికి తోలి, గేటు కాడ బీడీ కాల్చుకుంటా నిలబడతారు. మీ ఆయనే మిమ్మల్ని పట్టించినాడు."

వెన్నెలకు ఏడుపొచ్చింది. చావుకు కాదు.

బయట కారు హారన్ మోగింది. రోజారమణి చిప్‌ను పెట్టెలో పెట్టి మూత వేయబోయింది. వెన్నెల కాలి మెట్టెను నేలకేసి తొక్కింది. అందులో దాచిన ఫ్లాష్ భగ్గుమంది. తూటా గోడకు తగిలింది. చిప్ తీసుకుని పారిపోయే వ్యవధి లేదు. బల్ల మీదున్న సుశీల్ డబ్బా అందుకుని చిప్ మీద కుమ్మరించింది.

తూటా చప్పుడు విని, బయట కాచుకున్న కమాండోలు తలుపు బద్దలుకొట్టి రోజారమణిని పట్టుకున్నారు. సుశీల్ బయట ముఠా కారు టైర్లు పేలుస్తున్నాడు. వెన్నెల మాత్రం చిప్‌నే చూస్తోంది. చిప్ నీలమైంది.

"శభాష్!" అన్నాడు జయకుమార్ ఫోన్లో. "చిప్ మనకూ దక్కలేదు, వాళ్లకూ దక్కలేదు. రిజల్టుతో సహా అంతా టాప్ సీక్రెట్. మీ ఆయనకు కూడా చెప్పకూడదు."

జీపెక్కేసరికి అత్త ఫోన్.

"అమ్మాయ్, సోమవారానికి ఇంకో డాక్టరమ్మను మాట్లాడినాను. నీ లోపమేందో ఈసారి తేల్చేస్తాదంట."

"సరే అత్తా" అంది వెన్నెల. రహస్యం కాపాడడంలో ఆమెకు సాటి లేరని డిపార్ట్‌మెంటులో మంచి పేరుంది.