వెనక గోడ మీది సత్తు గ్లాసు

బేతంచెర్ల దాటి రెండు మైళ్లు పోతే రోడ్డు పక్కన ఒక పాత బంగళా ఉంది. ఏళ్ల తరబడి గబ్బిలాలకు వదిలేసిన ఆ ఇంటికి, దాన్ని కట్టించిన పెద్దాయన మనవరాలు శిల్ప సున్నం వేయించి, తలుపులకు వార్నిష్ పట్టించి, టీ గదిగా మార్చింది. పింగాణీ కప్పులు, ఇత్తడి కూజాలు, గోడ నిండా మీసాల పెద్దమనుషుల ఫోటోలు. సాయంత్రం టీ తాగి ఫోటోలు దిగడానికి కర్నూలు నుంచి, నంద్యాల నుంచి కార్లు వచ్చి ఆగుతాయి.

ఆ కప్పులు కడిగేది ఏసుమణి. ఆమె కొడుకు క్రాంతి కుమార్‌కు అది గొంతులో ముల్లు. కర్నూలులో ఎమ్మే చదివి, ఆత్మగౌరవం మీద గంటసేపు ఆపకుండా మాట్లాడగలవాడు, తల్లి చేత ఆ పని మాన్పించలేకపోయాడు. మానేయమంటే మానదు. ఎందుకో చెప్పదు. సెలవు రోజున కూడా నాలుగింటికి ఒకసారి పోయి వచ్చేది.

ఆ మంగళవారం ఆమె చేత సెలవు పెట్టించి, చర్చికి కట్టే తెల్లచీర కట్టించి, బండి మీద ఎక్కించుకుని ఆ టీ గదికే తెచ్చాడు. ఒక్కసారి ముందుగదిలో కుర్చీ మీద కూర్చుని టీ తాగితే చాలు, మళ్లీ ఆ నీళ్లతొట్టి దగ్గర నిలబడబుద్ధి కాదని అతని నమ్మకం.

శిల్ప వచ్చి చూసి నవ్వింది. "ఏం ఏసుమణీ, ఈరోజు దొరసానివి అయిపోతివే."

"మా అమ్మను మీరు అనండి మేడం. ఈరోజు ఆమె కస్టమరు."

"అట్లే కానీండి సార్" అని శిల్ప టీ కూజా, రెండు కప్పులు పంపించింది.

ఎండకు కిటికీలన్నీ మూసేసి ఉన్నాయి. మసక చీకటి. ఏలకుల వాసన. దూరంగా బండలు పాలిష్ చేసే మిషన్ల రొద. గదిలో వాళ్లిద్దరే. ఏసుమణి కప్పు ముట్టలేదు. కుర్చీ అంచున కూర్చుని కాళ్లు ఒకచోట పెట్టలేక జరుపుతోంది. గడియారం వైపు, వెనక వాకిలి వైపు, మళ్లీ గడియారం వైపు చూస్తోంది.

"నాయనా, ఒక్క నిమిషం. వెనక్కి పోయొస్తా."

"ఎందుకు?"

"ఒకరికి టీ పోయాల."

గట్టిగా అడిగితే అప్పుడు చెప్పింది, గొంతు బాగా తగ్గించి. ఈ ముందుగదికి బండలు పరిచింది ఆమె తండ్రి ఏసేపు, అతని జట్టు. వాళ్లకు టీ వెనక గోడ దగ్గరే. ఎవరి సత్తు గ్లాసు వాళ్లది. అడుగున మేకుతో ఎవరి గుర్తు వాళ్లు గీసుకునేవాళ్లు. తాగాక కడిగి గోడ మీద బోర్లించాలి. టీ కావాలంటే నోరు తెరిచి పిలవకూడదు, గ్లాసుతో గోడను తట్టాలి. మేం పరిచిన బండ మీద మేం ఎందుకు కూర్చోకూడదని ఏసేపు ఒకరోజు అడిగాడు. పెద్దాయన నవ్వి లోపలికి పిలిచాడు. వెళ్లినవాడు మళ్లీ రాలేదు. బళ్లారికి పారిపోయాడన్నారు. అప్పుడు ఏసుమణికి ఐదేళ్లు.

రెండేళ్ల కిందట ఆమె పని అడగడానికి వస్తే, శిల్ప అలంకారానికని వెనక గోడ మీద ఉంచిన పాత గ్లాసు కనిపించింది. అడుగున సిలువ గుర్తు. తండ్రిదే. అప్పటినుంచి రోజూ నాలుగింటికి అందులో టీ పోసి గోడ మీద పెడుతోంది. కాసేపటికి గ్లాసు బోర్లించి ఉంటుంది... కడిగి.

క్రాంతికి ఒళ్లు మండిపోయింది. చచ్చినా వెనక గోడేనా? విసవిసా వెనక్కి పోయాడు. గ్లాసు అక్కడే ఉంది. మిట్టమధ్యాహ్నం నుంచి ఎండలో ఉండీ చల్లగా తగిలింది. దాన్ని తెచ్చి టేబుల్ మీద పెట్టాడు. కూజాలోని టీ అందులో నిండుగా పోశాడు. మూడో కుర్చీ లాగి, గోడ మీది మీసాలన్నిటికీ వినబడేలా అన్నాడు:

"లోపలికి రా తాతా. కూర్చో. కలిసి తాగుదాం."

ఏసుమణి ముఖంలో రక్తం లేదు.

"ఏం మాటంటివిరా... ఆ పొద్దు పెద్దాయన కూడా ఇదే మాట అన్న్యాడు."

దూరంగా మిషన్లు ఆగిపోయాయి. పైన ఫ్యాను మెల్లగా తిరిగి తిరిగి నిలిచింది. ఏలకుల వాసన పోయింది. తడిసిన రాతిపొడి వాసన...

టక్.

క్రాంతి గోడ వైపు చూశాడు.

టక్... టక్.

గోడ కాదు. కింద. మూడో కుర్చీ కింద.

అక్కడి బండ మిగతావాటికంటే ఒక ఛాయ తెల్లగా ఉంది. ఇన్నాళ్లూ ఎవరూ చూడలేదు. ఏసుమణి మెల్లగా మోకాళ్ల మీద కూర్చుని, బండ మీద అరచేయి పెట్టింది.

"నాయన బయట ఉండాడనుకుంటి. ఇన్ని దినాలు గోడ మీద పెడితి..." బండను నిమిరింది. "ఈడ ఉండాడు."

గ్లాసు తీసుకుని బండ సందులో టీ పోసింది. బీటలు వారిన చేను తొలివాన తాగినట్టు ఆ సందు తాగేసింది. చుక్క మిగల్లేదు. చప్పుడు ఆగింది.

తర్వాత పక్క బండ కింద... టక్.

దాని పక్కన ఇంకొకటి.

తలుపు దగ్గర శిల్ప నిలబడి ఉంది. ఆ చప్పుడేమిటని ఆమె అడగలేదు. "పోండి" అంది, పెదవులు మాత్రమే కదిలాయి.

క్రాంతికి చదివిన మాట ఒక్కటీ గుర్తు రాలేదు. గ్లాసు అక్కడే వదిలేసి, తల్లి చెయ్యి పట్టుకుని బండి దాకా పరుగెత్తాడు.

మర్నాడు ఏసుమణి పనికి పోలేదు. క్రాంతి కోరుకున్నది అదే. మంచం మీద కూర్చుని అర్జీ మొదలుపెట్టాడు, ఆ బండలు తవ్వించాలని. మూడుసార్లు రాశాడు, మూడుసార్లు చించాడు. లేచి తిరిగాడు. కూర్చున్నాడు. గడియారం చూశాడు.

నాలుగు.

టక్... టక్.

తమ ఇంటి వెనక నుంచి.

ఏసుమణి చేటలోని బియ్యం మీద నుంచి తలెత్తలేదు. "పిలిచింది నువ్వే కదా నాయనా. పోసిరా పో."

ఈ ఇంట్లో ఎవరూ ఇక వెనక వాకిలికి టీ మోయరని ఆ పొద్దునే ప్రమాణం చేసినవాడు, లేచి టీ కాచాడు. వెనక తలుపు తీశాడు.

గోడ మీద సత్తు గ్లాసు. తడిగా, బోర్లించి. అడుగున సిలువ.

దాని పక్కన ఇంకో గ్లాసు. కొత్తది. తిప్పి చూశాడు. అడుగున ఇంకా ఏ గుర్తూ లేదు.

పక్కనే ఒక మేకు ఉంది.