ముందుబండి వచ్చిన పేరంటం

ముందుబండి జగన్నాథపురం మలుపు తిరిగేసరికి బజ్జీల కొట్టు ముందున్న వాళ్ళందరూ గుండెల మీద చేతులు వేసుకున్నారు. బండి ఆగకుండా వెళ్ళిపోయాక ‘హమ్మయ్య’ అనుకుని మళ్ళీ తినసాగారు. కాకినాడలో ఇది రోజూ ఉండే భాగోతమే.

పూర్వం జబ్బు చేశాక అంబులెన్సును పిలిచేవారట. ఇప్పుడు ప్రతి మణికట్టుకీ ‘ముందెరుక పట్టీ’ ఉంది. గుండెపోటు రాబోతోందని నెత్తుటి నడకను బట్టి పసిగట్టి, ముందుబండికి కబురు పంపుతుంది. అయితే తొడుక్కున్న మనిషికి మాత్రం చెప్పదు. చెబితే ఆ భయానికే ప్రాణం పోతుందని బండికే చెబుతుంది. చావులు సగానికి సగం తగ్గాయి. అంతా బాగానే ఉంది కానీ, ఆ బండిలో వచ్చే మనిషి గతేమిటని ఏ మహానుభావుడూ ఆలోచించలేదు.

ఆ మనిషి నాగవేణి. ప్రాణసేవిక ఉద్యోగాన్ని కోరి, కష్టపడి చదివి తెచ్చుకుంది. ఆమె కనబడితే చాలు, వీధిలో తలుపులు మూతపడతాయి. ఒకే బెంచీ మీద చదువుకున్న హైమ కూడా కొడుకు బారసాలకు పిలవలేదు. ‘‘ఏమనుకోకే, మా చుట్టాలకి పట్టింపులెక్కువ’’ అని ఫోన్లో చెప్పింది. ఆ మాటకు నాగవేణి మనసు విరిగిపోయింది.

‘‘ఇవాళే ఆఖరు, బాబాయ్. రేపట్నుంచి రాను. నాకూ మనుషుల్లో బతకాలనుంది’’ అని జోడీ ఉద్యోగి దానియేలుకు పొద్దున్నే చెప్పేసింది.

తీరా ఇప్పుడు బండి వెళుతున్నది ఆ బారసాల జరుగుతున్న హైమ ఇంటికే. తెర మీద వెలిగిన పేరు కామేశ్వరమ్మ, హైమ అత్తగారు.

‘‘ప్రభువా!’’ అన్నాడు దానియేలు. ‘‘బండి వాకిట్లో పెడితే పేరంటం చెదిరిపోద్ది. పెట్టకపోతే పెద్దావిడ పోద్ది. ఏం చేత్తావమ్మా?’’

‘‘కూత ఆపెయ్యండి, బాబాయ్. షామియానా చాటున ఆపి, చక్రాల కుర్చీ గేటు దగ్గర పెట్టండి.’’

యూనిఫాం మీద చున్నీ కప్పుకుని లోపలికి వెళ్ళింది. చున్నీకి దాగే ముఖమా అది! ఉయ్యాల పాట ఠక్కున ఆగింది. ముత్తయిదువుల చేతులన్నీ గుండెల మీదికి వెళ్ళాయి. హైమ ఉయ్యాలలోంచి బిడ్డను లాక్కుంది.

‘‘ఎవరికే? నా బిడ్డకా?’’

నాగవేణి కాదన్నట్టు తల ఊపింది. పేరు చెబితే ఆ పెద్దావిడ అక్కడే కూలిపోవచ్చు.

తాంబూలాలు సర్దుతున్న కామేశ్వరమ్మ తలెత్తి ఆమె కళ్ళలోకి చూసింది. పొద్దున్నించీ లాగుతున్న ఎడమ భుజాన్ని ఒకసారి తడుముకుంది. తర్వాత పకపకా నవ్వింది.

‘‘ఏంటర్రా ఆ మొహాలు? నేనే పిలిచాను. నా మనవడి బారసాలకి నేను పిలుచుకోకూడదా? రామ్మా, రా.’’

నాగవేణి పెద్దావిడ కాళ్ళకు దణ్ణం పెట్టే వంకతో వంగి, మాత్రను ఆమె అరచేతిలో పెట్టింది. ‘‘నాలిక కింద పెట్టుకోండి. భయం లేదండీ, ముందే వచ్చాం’’ అంది గుసగుసగా.

కామేశ్వరమ్మ దాన్ని వక్కపలుకులా నోట్లో వేసుకుంది. ‘‘పాట ఆపకండర్రా. ఈ పిల్లకి డ్యూటీకి టైమైందట, గేటు దాకా దిగబెట్టొస్తా’’ అంటూ బరువంతా నాగవేణి భుజం మీద మోపి లేచింది. వెనక ఉయ్యాల పాట మళ్ళీ మొదలైంది.

బండిలో పడుకోబెట్టారో లేదో, పోటు రానే వచ్చింది. నాగవేణి, దానియేలు ఊపిరి బిగబట్టి పనిచేశారు. ఆసుపత్రి గుమ్మం చేరేసరికి కామేశ్వరమ్మ కళ్ళు తెరిచింది. నాగవేణి భోరున ఏడ్చేసింది.

‘‘పిలిచానని ఎందుకు అబద్ధమాడారండీ?’’

‘‘పిలవని పేరంటానికి వచ్చి నా ప్రాణం పట్టుకొచ్చావు. అందరి ముందూ నిన్ను పరాయిదాన్ని చెయ్యమంటావా, పిచ్చిపిల్లా? తాంబూలం బాకీ పడ్డాను. ఇంటికి రా. బండి లేకుండా రా.’’

మర్నాడు దానియేలు కొత్త జోడీ కోసం ఎదురుచూస్తూ వచ్చాడు. నాగవేణి చక్రాల కుర్చీ తుడుస్తోంది. అతను నవ్వి, బండి తాళాలు అందుకున్నాడు.

కామేశ్వరమ్మ కోలుకున్నాక ఒక ఆదివారం నాగవేణి చీర కట్టుకుని ఆ ఇంటికి వెళ్ళింది. గుమ్మంలో ఆమెను చూడగానే చుట్టాల చేతులు మళ్ళీ గుండెల మీదికి వెళ్ళాయి. అలవాటు! హైమ చెయ్యి కూడా సగం దాకా లేచి, సిగ్గుతో ఆగిపోయింది. ‘‘తప్పయిపోయిందే వేణీ’’ అంటూ బావురుమంది.

‘‘చేతులు దించండర్రా, ఎవరికీ ఏం రాలేదు’’ అని కసిరింది కామేశ్వరమ్మ. ‘‘హైమా, ఏడుపు తర్వాత. ముందు విస్తరి వెయ్యి. పిల్ల ఆకలితో వచ్చింది.’’