మంచు మీద దారి ఇచ్చినవాడు

"దారి ఇచ్చినోడు ఎర్రిబాగులోడు" అంది వరహాలమ్మ, చింతపండు పిసుకుతూ.

కాదంది కోడలు సూరమ్మ. అత్తాకోడళ్ళకు ఆ పూట వేరే తగువే దొరకలేదు. ముందురోజు రాయపూర్ రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో సినిమాకు ముందు వేసిన వార్తాచిత్రంలో నార్వే ఒలింపిక్సు చూపించారు. బూట్ల కింద కత్తుల్లాంటి ఇనుప పట్టీలతో ఇద్దరు మంచు మీద పదివేల మీటర్ల పందెం జారుతూ పోయారు. చుట్టుకోసారి ఒకరి గాడిలోకి ఒకరు మారాలి. ఒక చుట్టులో ఇద్దరూ ఆ మారేచోటికి ఒక్కసారే వచ్చారు. లోపలివాడు వేగం తగ్గించాడు. బయటివాడు దూసుకుపోయాడు. సిగ్నల్ లేని ఆ క్రాసింగ్ చూసి రైల్వేవాళ్ళంతా ఊపిరి బిగబట్టారు.

సూరమ్మ మాత్రం కళ్ళు మూసుకుంది. రెండేళ్ళ కిందట ఆమె భర్త చిన్నారావు యార్డులో పట్టాలు దాటుతూ షంటింగ్ బండి కింద పడ్డాడు. అప్పటినుంచి ఆ క్వార్టర్లో ఎవరూ నవ్వలేదు. కొడుకు టోపీని మామ రామయ్య మేకుకే ఉంచాడు. దుమ్ము కూడా దులపనివ్వడు.

తగువు తీర్చడానికి మల్లేశ్వరరావు రావలసి వచ్చింది. లోకోషెడ్డులో ఫిట్టరు, సాయంత్రాలు ఇన్‌స్టిట్యూట్‌లో సినిమా మెషీన్ తిప్పేవాడు, చిన్నారావుకు ప్రాణస్నేహితుడు. స్నేహితుడు పోయినప్పటినుంచి సూరమ్మను వదినా అనడం మానేశాడు. ఏ పిలుపూ లేకుండా గోడవైపు చూస్తూ మాట్లాడతాడు. బయటి గాడిలోంచి వచ్చేవాడికి దారి ఇవ్వడం ఆ ఆటలో రూలనీ, ఇవ్వకపోతే పందెంలోంచి తీసేస్తారనీ చెప్పాడు. తనకు ఖర్గపూర్ బదిలీ అయిందనీ, సోమవారం వెళ్ళిపోతున్నాననీ అదే గొంతుతో అన్నాడు.

వరహాలమ్మ చెయ్యి చింతపండులోనే ఆగిపోయింది.

అతని వెనకే సూరమ్మ గుమ్మం దాకా వెళ్ళింది. బయట వాన పట్టుకుంది.

"ఆ దారి ఇచ్చినాయన మరి ఆగిపోనాడా?"

"ఎందుకాగుతాడు? ఇంకా బోల్డు చుట్లున్నాయి." రెండేళ్ళలో మొదటిసారి ఆమె మొహంలోకి చూశాడు. "పెళ్ళిచూపులకి చిన్నారావు వెంట వచ్చింది నేనే. ఆవేళ నేనూ నిన్ను చూశాను. నోరెత్తలేదు. ఇప్పుడడుగుతున్నాను. నాతో వస్తావా?"

వస్తాననే అనాలనుంది. మేకుకున్న టోపీ కనబడింది. "మామ ఒప్పుకోవాలి. కాదంటే నా వల్ల కాదు" అంది.

భోజనాల దగ్గర తనే విషయం చెప్పింది. రామయ్య కంచం ముందుకు తోసేశాడు. బిల్‌కుల్ కుదరదన్నాడు. మారుమనువులు ఊళ్ళో ఉన్ననాటి మోటువ్యవహారమనీ, ఉద్యోగస్తుల ఇళ్ళలో అలాంటివి లేవనీ, కాలనీ మొహాన ఉమ్ముతుందనీ అన్నాడు.

"మనోడిని అప్పుడే మర్సిపోనావా, అమ్మా?"

జవాబు అత్త చెప్పింది.

"నేను నా మొదటోడిని మర్సిపోయి వచ్చానా నీ కాడికి? ముప్పై ఏళ్ళు నీకు వండి పెట్టలేదా?"

ఆమెదీ మారుమనువేనన్న సంగతి రాయపూర్లో ఎవరికీ తెలియదు. సూరమ్మకూ తెలియదు. రామయ్య తల వంచుకున్నాడు.

వరహాలమ్మ కంచాన్ని మళ్ళీ అతని ముందుకు జరిపింది. "ఆదివారం పిల్లకి మనువు. మల్లేశుకి నేనే కబురెడతాను. సోమవారం బండికి ఇద్దరూ ఎల్తారు."

రామయ్య అడిగాడు. "కాలనీకి ఏటి సెప్తావే?"

"నా సంగతే సెప్తాను. తిను, సల్లారిపోతంది."