లెక్కపెట్టకూడని మనుషులు

"నోరు పెద్దగా తెరువు. మాట్లాడకుండా విను," అంది ఫ్రైదా మిన్స్కర్. పైకి పళ్ల డాక్టరు. లోపల రీగా యూదుల రహస్య దళానికి చీఫ్.

కుర్చీలో ఏజెంట్ జేలిక్ రివ్లిన్. బ్రీఫింగ్‌లో ఎదురు ప్రశ్నలంటే ఆమెకి గిట్టదు, అందుకే నోట్లో డ్రిల్లు పెట్టింది.

"పదింటికి నది ఒడ్డు ప్రార్థనామందిరంలో బాల్టిక్ ఊళ్ల పెద్దలు తొమ్మిదిమంది కలుస్తున్నారు. బెర్లిన్ ముఠావాడొకడు బాంబుతో వస్తాడు. ముఖం తెలీదు. కబురు పాటగత్తె ఎస్టెరాది. పొద్దున మనకి అమ్ముతుంది, సాయంత్రం వాళ్లకి. కానీ సరుకు మంచిదే. ఇంకోటి. ఆ పెద్దల్లో మీ నాన్న ఉన్నాడు."

జేలిక్ ప్రార్థన మానేశాడని పదేళ్లుగా నాన్న అతని ముఖం చూడలేదు.

పదింటికి జేలిక్ మందిరం గుమ్మంలో కోట్లు దులిపే పనివాడు. అతికించిన గడ్డం, బ్రష్ పిడిలో పిస్తోలు. తొమ్మిది కోట్లూ తడిమాడు, ఏమీ దొరకలేదు. నాన్న ఆనవాలు పట్టకుండానే కోటిచ్చి వెళ్లాడు.

చివరగా లియెపాయా ఊరి నుంచి ప్రార్థనలు పాడే గాయకుడొకడు వచ్చాడు, చేతిలో ప్రార్థన శాలువా ఉండే మఖమలు సంచి. యూదుల ఆచారం ప్రకారం గుమ్మాన్ని తాకి వేళ్లకి ముద్దు పెట్టుకున్నాడు. మాట్లాడే యూదుల భాష యిద్దిష్‌లో వంక పెట్టడానికి లేదు.

"పదిమందిమీ కుదిరామా? లేకపోతే ప్రార్థన లేదు," అన్నాడు నాన్న.

గాయకుడు వేలు చాపాడు. "ఒకటి, రెండు, మూడు... తొమ్మిది, నాతో పది. చేతులు కడుక్కొస్తా." సంచి బల్లమీద వదిలి గుమ్మంవైపు నడిచాడు.

జేలిక్ వేలు చురుక్కుమంది. చిన్నప్పుడు మనుషుల్ని అలా లెక్కపెడితే బామ్మ వేలిమీదే కొట్టింది. దిష్టి తగులుతుందని ఇక్కడ అందరూ "ఒకటి కాదు, రెండు కాదు" అనే అంటారు. దేవుణ్ణి వదిలేసిన జేలిక్ కూడా అంతే. వీడు మనవాడు కాదు.

బ్రష్ పిడి వాడి కడుపుకి ఆనించాడు. "సంచి మరిచిపోయారు, అయ్యగారూ."

వాడి కళ్లు గడియారం మీదికి వెళ్లాయి. అది చాలు. జేలిక్ సంచి లాక్కుని కిటికీలోంచి గడ్డకట్టిన నదిమీదికి విసిరాడు. మూడు సెకన్లు. సంచి పేలి మందిరం అద్దాలన్నీ రాలాయి. పారిపోబోయిన గాయకుణ్ణి ముసలాళ్లు పడదోసి, నడికట్లతో కట్టి మూల పడేశారు.

ఆ గొడవలో జేలిక్ గడ్డం ఊడింది. నాన్న కొడుకుని గుర్తుపట్టాడు. తరువాత నిలబడ్డవాళ్లని తలతో చూపిస్తూ, "ఒకటి కాదు, రెండు కాదు..." అంటూ వెళ్లి, "తొమ్మిది కాదు" దగ్గర ఆగాడు.

"ఒకడు తక్కువయ్యాడు. ఒరేయ్ వెధవా, నీకు ప్రార్థన గుర్తుందా?"

"సగం, నాన్నా."

"మిగతా సగం నేను చెప్తాలే. రా."

జేలిక్ కళ్లు తుడుచుకుని వెళ్లి పక్కన నిలబడ్డాడు. బాంబు పని మూడు సెకన్లలో తేలిపోయింది. ప్రార్థనకి గంట పట్టింది.