పిడికెడు బియ్యం

పొద్దున్నే స్టేషను రోడ్డు చివరిదాకా నడిచి వచ్చి, జయకుమారి వాకిట్లో చెప్పులు విడిచి కుర్చీలో కూర్చుంది. నల్లపాడు మీదుగా మిర్చి యార్డుకు పోయే లారీలు అప్పుడే మొదలయ్యాయి. గాలిలో ఘాటు తగిలి ఆమె తుమ్మేసరికి కోడలు షారోన్ గోరువెచ్చని నీళ్ళతో బయటికి వచ్చింది. గ్లాసు అత్తగారి చేతికిచ్చి, తాను కింద కూర్చుని ఆమె పాదాన్ని ఒళ్ళోకి తీసుకుంది. రోజూ చేసే పనే.

"ఈ పుండు ఇంకా మానలేదేంటి అత్తయ్యా?"

"చెప్పు కరిచింది. మానిద్దిలేమ్మా. ముసలి తోలు, దానికేం తొందర."

"నవ్వకండి. నాకు నవ్వు రావట్లేదు. తిండి మారింది, నడక తప్పట్లేదు, మాత్రలు వేసుకుంటున్నారు. అయినా మొన్నటి పరీక్షలో షుగరు ఎందుకు పెరిగిందో డాక్టరు గారికే అర్థం కాలేదు."

జయకుమారి గ్లాసులోకి చూస్తూ నీళ్ళు తాగింది. జవాబు ఆమె దగ్గర ఉంది. చెప్పే ధైర్యం లేదు.

నిరుడు వానాకాలంలో షుగరు పెరిగి ఆమె స్నానాల గదిలో పడిపోయింది. ఆసుపత్రి నుంచి వచ్చేసరికి ఇంటి పద్ధతంతా మారిపోయింది. బియ్యం బస్తా వంటింట్లోంచి వెళ్ళిపోయింది. దాని స్థానంలో కొర్రలు, జొన్నపిండి వచ్చాయి. కంచంలో సగం కూర ఉండాలి. చీకటి పడకముందే రాత్రి భోజనం అయిపోవాలి. తిన్నాక కాసేపు నడవాలి. ఉప్పు ఎక్కువని పచ్చడి నాలిక్కి రాసుకునేంతే. అత్తగారికి ఒకటి, తమకు ఒకటి అని కాకుండా షారోన్, కొడుకు ప్రభు కూడా అదే తినేవారు.

"మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో ఉద్యోగం చేస్తా, ఇంటికొచ్చి సొరకాయ తినేవాణ్ణి గుంటూరు మొత్తం మీద నేనొక్కణ్ణే ఉంటా," అని ప్రభు సణిగేవాడు.

"పొట్ట తగ్గిందిగా, అది మాట్లాడవేం," అనేది షారోన్.

జయకుమారికి ఆ తిండి మీద కోపం లేదు. ఆమెకు లోటుగా ఉన్నది వేరే. పెళ్ళయి ఈ ఇంటికి వచ్చిన నాటి నుంచీ, ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి మందిరం కోసం డబ్బాలో వేసేది. ఆదివారం ఆరాధన అయ్యాక స్త్రీల సమాజంలో అందరూ తెచ్చిన పిడికెళ్ళు ఒక గంపలో కలిసేవి. ఆ బియ్యం దిక్కులేని ముసలమ్మల ఇళ్ళకు వెళ్ళేది. "నాకిచ్చిన దాంట్లోంచి, ప్రభువా," అనుకుంటూ వేసేది. లేమిలో కూడా ఆ పిడికెడు తప్పలేదు. చదువు లేని తనకు అదే ప్రార్థన, అదే కానుక.

బియ్యం ఆగిపోయాక పిడికెడూ ఆగిపోయింది. ఒకసారి కోడల్ని అడిగింది కూడా.

"బియ్యం ఎదురుగా ఉంటే మనసు ఊరుకోదు అత్తయ్యా. బదులుగా డబ్బులిద్దాం," అని షారోన్ కవరు చేతిలో పెట్టింది.

ఆ ఆదివారం గంపలో కవరు వేస్తుంటే, ఆమెకు పరాయివాళ్ళ చేత్తో ప్రార్థన చేసినట్టు అనిపించింది. పొద్దున వంటింట్లోకి వెళ్ళినప్పుడల్లా వేళ్ళు వాటంతట అవే ముడుచుకునేవి.

చివరికి సుభానీ కొట్లో రహస్యంగా కాసిని బియ్యం కొంది. "ఏంది పిన్నీ, కోడలు ఊళ్ళో లేదా?" అని అతను నవ్వాడు. ఆ బియ్యాన్ని నేరుగా మందిరానికి తీసుకెళ్తే మనసు ఒప్పలేదు. తన కుండలోది కానిది, తన కంచంలో తగ్గనిది కానుక ఎట్లా అవుతుంది? కొట్లోంచి గంపలోకి మోసినందుకు దేవుడు ఏమని లెక్క రాసుకుంటాడు? అందుకని బడిలో పాఠాలు చెప్పడానికి వెళ్ళే షారోన్, పనికి వెళ్ళే ప్రభు గడప దాటాక, మధ్యాహ్నం ముందు పిడికెడు తీసి, మిగిలినవి వండుకుని తినడం మొదలుపెట్టింది. తిన్న ఆ అన్నం రుచిగా లేదంటే అబద్ధమే అవుతుంది.

ఆ రోజు కూడా అట్లాగే కంచం ముందు కూర్చుంది. బళ్ళు ఒంటిపూట అయ్యాయని షారోన్ నిన్న చెప్పిన మాట ఆమెకు గుర్తు లేదు. తలుపు తోసుకుని వచ్చిన షారోన్ చేతిసంచీ కింద పెట్టకుండానే నిలబడిపోయింది. అన్నం ఇంకా పొగలు కక్కుతోంది.

"ఎన్నాళ్ళ నుంచి అత్తయ్యా?"

జయకుమారి ముద్ద కంచంలోనే వదిలేసింది. "కూర్చోమ్మా. ఎండన పడొచ్చావు."

"ఎన్నాళ్ళ నుంచి అని అడుగుతున్నాను."

బడి ఒంటిపూటే కదా అని ఆ రోజు భోజనానికి ఇంటికొచ్చిన ప్రభు వాళ్ళిద్దరినీ, కంచాన్నీ చూశాడు. అతనికి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

"అన్నం దొంగతనంగా వండుకుంటన్నావా అమ్మా? ఈమె పొద్దున లేచి నీ కాలు ఒళ్ళో పెట్టుకుంటంది. నీకేమన్నా తక్కువ చేశామా?"

"తక్కువ చేశారని ఎవరన్నార్రా?"

"మరి ఇదేంది?"

జయకుమారి లేచి వెళ్ళి, మంచం కింది నుంచి చిన్న స్టీలు డబ్బా తెచ్చి వాళ్ళ ముందు పెట్టింది. మూత తీస్తే అందులో బియ్యం ఉన్నాయి. "నాకు తిండి యావ కాదురా. ఇది వెయ్యాలి. వండుకోకుండా ఎట్లా వేస్తాను? మనం తినేదాంట్లోంచి తీస్తేనే గదా అది పిడికెడు."

ప్రభు నుదురు కొట్టుకున్నాడు. "దేవుడికి ఇయ్యటం కోసం షుగరు పెంచుకున్నావా? ఆ దేవుడు వింటే ఏమంటాడే అమ్మా?"

"అదే అడుగుతున్నాను రోజూ. జవాబు రాలేదు."

షారోన్ గోడకు చేరగిలబడి నేల మీద కూర్చుంది.

"నాకు చెప్పొచ్చుగా."

"చెప్పానమ్మా. కవరిచ్చావు."

షారోన్ తల దించుకుంది. "మా అమ్మకూ షుగరే అత్తయ్యా. మా పేటలో పత్తి జిన్నింగు మిల్లు పని నుంచి వచ్చి, ఒక్క ముద్ద పెట్టవే, చచ్చిపోతానా అనేది. నేనే పెట్టేదాన్ని. ఇంత పని చేసొచ్చిన మనిషికి ముద్ద అన్నం కూడా పెట్టకుండా ఎట్లా ఉండాలి అనుకునేదాన్ని. ఆమె కాలి మీద పుండు కూడా ఇంతే ఉండేది. రోజూ కడిగాను. ఆ కాలు తీసేశాక కూడా అమ్మ అన్నమే అడిగింది."

పెళ్ళికి ముందే షారోన్ తల్లి పోయిందని జయకుమారికి తెలుసు. ఎట్లా పోయిందో తాను ఎన్నడూ అడగలేదు. ఇన్నాళ్ళూ తన పాదం ఒళ్ళోకి తీసుకున్న ప్రతి పొద్దునా ఈ పిల్ల ఎవరి పాదం చూస్తోందో ఇప్పుడు అర్థమైంది. ఆమె కంచం దూరంగా జరిపి, కోడలి పక్కన నేల మీద కూర్చుంది.

"నేను తప్పు చేశానమ్మా."

"నేనూ సరిగా వినలేదు." షారోన్ కొంగుతో ముఖం తుడుచుకుంది. "మనం తినేదాంట్లోంచి తియ్యాలి అంటున్నారు. మరి మనం తినేదేంటి అత్తయ్యా?"

"కొర్రలు."

"అవే వెయ్యండి."

జయకుమారి తెల్లబోయింది. "కొర్రలా? పిట్టల గింజలు తెచ్చావా జయకుమారీ అని సమాజం అంతా నవ్విద్ది."

"నవ్వితే నవ్వనీ," అన్నాడు ప్రభు. "నేను తింటన్నప్పుడు ఎవరన్నా జాలిపడ్డారా?"

"ఆ బియ్యం తీసుకునే ముసలమ్మల్లో షుగరు లేనివాళ్ళు ఎవరు చెప్పండి?" అని అడిగింది షారోన్.

జయకుమారి వరసగా వాళ్ళ ముఖాలు తలుచుకుంది. ఒకామెకు చూపు తగ్గింది. ఇంకొకామె కాళ్ళు మంటలని మందిరంలో చెప్పులు విడిచి చల్లటి బండ మీద పాదాలు ఆనిస్తుంది. తనకు కూడదన్న తిండిని వాళ్ళకు మోసుకెళ్ళి, మంచి పని చేశానని తిరిగి వచ్చేది. ఇన్నాళ్ళూ ఈ సంగతి తనకు తట్టలేదు.

"ఇచ్చినా, ఎట్లా వండుకోవాలో వాళ్ళకు తెలియదుగా," అంది మెల్లగా.

"ఆదివారం నేనూ వస్తాను. నానబెట్టే దగ్గర్నుంచి చెబుతాను."

ప్రభు తల్లి కంచం తీసి పక్కన పెట్టాడు. పొద్దుటి కొర్రన్నం, దోసకాయ పప్పు గిన్నెలు తెచ్చి మధ్యలో పెట్టి తానూ కూర్చున్నాడు. ముగ్గురూ కలిసి తిన్నారు.

మర్నాడు జయకుమారి నడక నుంచి వచ్చేసరికి షారోన్ వంటింట్లో కొర్రలు కొలిచి పెట్టుకుని ఎదురుచూస్తోంది.

"తియ్యండి అత్తయ్యా."

జయకుమారి చెయ్యి చాపింది. మళ్ళీ వెనక్కి తీసుకుంది. "ఇవాళ నువ్వు తియ్యమ్మా."

షారోన్ పిడికిలి బిగించింది. సన్నటి గింజలు వేళ్ళ సందుల్లోంచి జారుతుంటే జయకుమారి కింద తన అరచెయ్యి పట్టింది.

"ఏమనాలి?"

"నీ మనసులో ఏముంటే అది."

షారోన్ కళ్ళు మూసుకుంది. తర్వాత, "ఇది మా అమ్మకు పెట్టాల్సిన పూట, ప్రభువా," అంది. గింజలు డబ్బాలో పడ్డాయి.

జయకుమారి తన చేతిలో మిగిలినవి కూడా అందులోనే వేసి, కోడలి వీపు మీద చెయ్యి వేసింది. "మీ అమ్మకు పొద్దున్నే ఏం ఇష్టమే?"

"రాత్రి అన్నంలో పాలు పోసి తోడు పెట్టుకునేది. పొద్దున్నే ఉల్లిపాయ కొరుక్కుంటూ తిని మిల్లుకు పోయేది." షారోన్ డబ్బాకు మూత పెట్టింది. "ఆ వాసన ఇప్పటికీ వస్తుంటుంది అత్తయ్యా, ఒక్కోసారి. ఎక్కడి నుంచో."

"కొర్రన్నంలో పాలు తోడుకోవా ఏంటి?"

షారోన్ తలెత్తి చూసింది.

"ఈ రాత్రికి కొంచెం పెడదాం," అంది జయకుమారి. "పొద్దున్నే నడిచొచ్చాక ఇద్దరం కూర్చుని తిందాం. మీ అమ్మ కబుర్లు నాకు ఒక్కటీ తెలియవు."