దొంగల ఇరుకులో భుజం మీద చెయ్యి

దొంగల ఇరుకు పేరెత్తితే ఆ నేషనల్ పార్కులో పనిచేసేవాళ్ళకి పట్టపగలే గుండెల్లో రాయి పడుతుంది. రెండు కొండలు ఒకదాన్నొకటి ఒరుసుకునేంత దగ్గరగా వచ్చి, మధ్యలో ఒక్క మనిషి పట్టేంత సందు మిగిల్చాయి. ఒకప్పుడు దారిదోపిడీ ముఠా ఒకటి పోలీసులకి దొరక్కుండా అందులో దూరిందట. దూరినవాళ్ళెవరూ మళ్ళీ బయటికి రాలేదట... గైడు చెప్పుకుపోతున్నాడు.

"సాక్ష్యం లేని కేసు బాబాయ్, కొట్టేస్తారు," అంది అతని వెంట నడుస్తున్న లాయరమ్మ.

ఆ వెటకారం నోటివరకే. ఇరుకు అవతల, కొండమీది కాపలా చౌకీలో, ఆమె తమ్ముడు గార్డు. ఒంటిగాడు. మధ్యాహ్నం నుంచీ వాడి వైర్‌లెస్ మూగబోయింది. ఆ చుట్టుపక్కలే పిల్లల్ని వెంటేసుకుని ఎలుగుబంటి తిరుగుతోంది. కబురు విని ఆమె పరుగెత్తుకొచ్చేసరికి పొద్దు గూకింది.

గైడు ఆమెకి చుట్టమేం కాదు, పార్కులో అందరికీ బాబాయే. సందు మొదట్లోనే టార్చి ఆర్పేశాడు.

"పైనంతా తేనెపట్లమ్మా. వెలుగు పడిందా, మీద పడి చంపేస్తాయి. నా భుజం మీద చెయ్యెయ్. తియ్యకు. మాట్లాడకు. ఇక్కడ మా పద్ధతి ఇంతే."

"మరి నా వెనక?"

"వెనకెవరున్నారు తల్లీ? నువ్వే ఆఖరు."

చీకటి... కళ్ళు మూసినా తెరిచినా ఒకటే. రాళ్ళు ఒళ్ళంతా గీసుకుంటున్నాయి. నెత్తిమీద ఎక్కడో సన్నటి హోరు. ముందు బాబాయి మెల్లగా గొంతు సవరించుకున్నాడు. అడుగులో అడుగేస్తోంది ఆమె. తమ్ముడు ఎక్కడైనా పడిపోయాడా... ఎలుగు గానీ...

అప్పుడు పడింది — కుడి భుజం మీద, చెయ్యి.

బరువుగా. చల్లగా.

అరిస్తే తేనెటీగలు. అరవకపోతే —

"బాబాయ్... నా వెనక..."

"ష్..."

ఆమె నడిస్తే వెనక అడుగులు నడుస్తున్నాయి. ఆగితే ఆగుతున్నాయి. వేళ్ళు మెల్లగా బిగుసుకుంటున్నాయి. కోర్టులో ఎంతటివాణ్ణయినా నిలదీసే మనిషి, మెడ తిప్పి వెనక్కి చూడలేకపోయింది.

చివరికి మొహానికి గాలి తగిలింది. భుజం మీద బరువు తేలిపోయింది. బాబాయి టార్చి వెలిగించి వెనక్కి తిప్పాడు.

సందులోంచి బయటికొస్తూ... తమ్ముడు!

"ఒరేయ్ వెధవా!" వీపు మీద ఒక్కటి చరిచి, వాణ్ణి వాటేసుకుంది. "నా ప్రాణాలు పోయాయి కదరా! ఆ వైర్‌లెస్‌కేం రోగం?"

"బ్యాటరీ చచ్చిందక్కా. కొత్తది తెచ్చుకుందామని దిగుతుంటే అడుగులు వినబడ్డాయి. ఇరుకులో ఎదురుపడితే పలకరించకూడదు, గోడలో ఉన్న గూట్లోకి ఒదిగి దారివ్వాలి. ఆ గొంతు సవరింపు బాబాయిదని తెలిసి, వరస చివర చెయ్యేసి మీతోనే వెనక్కి తిరిగాను."

బాబాయి పగలబడి నవ్వాడు. "దొరికింది కదమ్మా, నీ దెయ్యం!"

ఆమె కూడా నవ్వింది, కళ్ళు తుడుచుకుంటూ. "బాగుంది మీ పద్ధతి! భుజం విరిగేలా నొక్కడం కూడా అందులోదేనా?"

"నీ భుజమా?" తమ్ముడు ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. "నీ భుజం నాకెక్కడందింది? నేను చెయ్యేసింది నీ వెనకాలాయన మీద కదా... పొడుగాయన."

బాబాయి నవ్వు ఆగిపోయింది.

"నాకంటే ముందే బయటికి అడుగేశాడక్కా..." తమ్ముడు చుట్టూ వెతికి చూశాడు. "ఏడీ?"